పులుపు లేని ఆకు

వంటింటి బల్ల మీద కంచం నిండా ఆకు ఉంది. గోంగూర అనుకునే కోసుకొచ్చింది మంగతాయారు. ఇప్పుడు ఆ కంచం చుట్టూ నలుగురూ నిలబడి, ఇంట్లోకి పాము దూరినట్టు చూస్తున్నారు.

"ఎవల పని రా ఇది?" అన్నాడు ధీరజ్. అడిగింది తమ్ముణ్ణి.

విక్రాంత్ తల ఎత్తలేదు. "నాది కాదన్నా," అన్నాడు.

"మరి ఎవలది? నాదా? మీ వదినదా? అత్తమ్మ నరసాపురం నుంచి మూటగట్టుకొచ్చిందా?"

విక్రాంత్ జర్మనీలోనే, డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చదువుతున్న కుర్రాడు. కరోనా పుణ్యమా అని క్లాసులన్నీ ఆన్‌లైన్ అయిపోయాక, హాస్టల్ గది ఖాళీ చేసి బ్యోబ్లింగెన్‌లో అన్నగారింటికి వచ్చిపడ్డాడు. అతనికిచ్చిన చిన్నగది తలుపు తీస్తే నేరుగా పెరట్లోకే అడుగు పడుతుంది. ధీరజ్‌కి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయింది. చదువుకోమని పంపితే నేర్చుకొచ్చింది ఇదా అని మొదలెట్టి, హనుమకొండలో నాన్నకేం చెప్పాలి అనేదాకా వచ్చాడు. తమ్ముడు మాత్రం కుళాయి కింద రాయిలా అలాగే నిలబడ్డాడు.

ధీరజ్ భార్య చంద్రిక కిటికీ దగ్గర నిలబడి ఉంది. చెవికి హెడ్‌ఫోన్ అలాగే ఉంది. ఆఫీసు మీటింగ్ మధ్యలో మ్యూట్ చేసుకుని వచ్చింది, తిరిగి వెళ్లడం మర్చిపోయింది.

అసలు సంగతిని పట్టుకున్నది మంగతాయారు నాలుక. పప్పులో వేసే ముందు గోంగూర ఆకొకటి తుంచి నోట్లో వేసుకోవడం ఆవిడకి పుట్టినప్పటి అలవాటు. ఆకు పులుపుని బట్టి కదా పప్పు ఎంత వెయ్యాలో తెలిసేది! ఈ ఉదయం కూడా తుంచి వేసుకుంది. పులుపు లేదు. ఇంకోటి వేసుకుంది. అదీ అంతే, పైగా చేదూ జిగురూను. ఈ మాయదారి జబ్బొస్తే ముందు పోయేది రుచేనని టీవీలో రోజూ చెబుతున్నారాయె. గబగబా ఆవకాయ సీసాలో వేలు పెట్టి నాక్కుంది. కారం, పులుపు, ఉప్పు, అన్నీ పలికాయి. హమ్మయ్య అనుకుంది. తన నాలుక నిక్షేపంగా ఉంది, తేడా ఆకులోనే ఉంది.

అల్లుణ్ణి పిలిచి చూపించింది. ధీరజ్ ఆకుని వెలుతురుకి పట్టుకుని చూసి, వాసన చూసి, కుర్చీలో కూలబడ్డాడు. పుంటికూర కాదత్తమ్మా, గంజాయి అన్నాడు. అయిదు వేళ్ల ఆకు, అంచులకి రంపపు పళ్లు. గోంగూర మధ్యన నిలబెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేనంత పోలిక. దాన్ని అక్కడ నాటినవాళ్లు ఆ పోలిక చూసుకునే నాటారు.

ధీరజ్ భయం ఉత్తినే పుట్టింది కాదు. సోమవారం అతనికి విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. పర్మనెంట్ రెసిడెన్సీ టెర్మిన్. లాక్‌డౌన్‌లో రద్దయి, మళ్లీ రద్దయి, ఇన్నాళ్లకి దొరికింది. ఈ దేశంలో గంజాయి మొక్క పెంచడం నేరం. ఇంటి మీద పోలీసు కేసంటూ ఒకటి పడితే ఆ టెర్మిన్ గతి దేవుడెరుగు. అన్నకి అదీ, తమ్ముడికి వీసా పొడిగింపూ పోయి, మొత్తం ఇల్లే పెట్టేబేడా సర్దుకోవాల్సి రావచ్చు.

"ఇప్పుడే పోయి పీకేస్తా," అన్నాడు ధీరజ్ లేచి.

"కూర్చోండి బాబూ," అంది మంగతాయారు. "పట్టపగలు మీటింగులు మానేసి మీరెళ్లి మొక్కలు పీకుతుంటే పై కిటికీలోంచి ఎబర్లమ్మ చూడదా? పీకడం ఎంతలో పని. ముందు పైకెళ్లిన కట్ట సంగతి చూడాలి."

ధీరజ్‌కి అర్థం కాలేదు. ఏ కట్ట అన్నాడు.

అప్పుడు చెప్పింది. ఎబర్లమ్మ అంటే ఇల్లు అద్దెకిచ్చినావిడ, ఫ్రౌ ఎబర్లే. డెబ్బై దాటిన మనిషి, పై అంతస్తులో ఒక్కర్తే ఉంటుంది. వారానికొకరు వంతులేసుకుని మెట్లు కడిగే కేర్‌వోఖె ఈ ఊరి ఆచారం. మంగతాయారు తన వంతు వారం మెట్లు కడిగి, కింది మెట్టు మీద చిన్న ముగ్గు కూడా వేసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ భాష లేని స్నేహం. ఆవిడకి గోంగూర పప్పు నేర్పింది. వండే ముందు ఆకు తుంచి నోట్లో వేసుకోవాలని కూడా తనే, మూతి ముడిచి చూపించి మరీ నేర్పింది. నిన్న సాయంత్రం ఆవిడకి ఒక కట్ట, ఇంటికి ఒక కట్ట కోసింది. కోసింది ఎప్పుడూ కోసే ముందు వరసలోంచి కాదు. గోడ పక్క వెనక వరసలో ఆకు ఏపుగా, ముద్దొచ్చేలా ఉందని అక్కడ కోసింది.

చంద్రిక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"వెనక వరస నీకెందుకమ్మా?" అంది మెల్లగా. "అటుకేసి నేను చూసుకుంటానని చెప్పాను కదా."

"నువ్వు మీటింగులో ఉంటే ఏం చెయ్యమంటావే? ఆకు ముదిరిపోతుందని కోశాను."

నిజమే, వెనక వరసకి సాయంత్రాలు నీళ్లు పోసేది చంద్రికే. చిన్నప్పుడు తులసమ్మకి చెంబెడు నీళ్లు పొయ్యమంటే మొహం ముడుచుకున్న పిల్ల, ఈ వేసవిలో ఆఫీసు అవగానే బకెట్టు పట్టుకుని పెరట్లోకి నడుస్తుంటే మంగతాయారుకి కడుపు నిండేది. మార్చి తరవాత ఆ పిల్ల ఇష్టంగా చేసిన పని అదొక్కటే.

మార్చి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కూతురి పురిటికని ఫిబ్రవరిలో విమానం దిగింది మంగతాయారు. బాలింతకి పెట్టే కాయం పొడి, వేపుడు మిరియాలు, పుట్టబోయే బిడ్డకని తన పాత నేత చీరలు నాలుగు పొరలుగా కుట్టిన బొంత, కూతురికి నోరూరుతుందని గోంగూర విత్తనాలు, అన్నీ తెచ్చింది. మార్చి ఆఖర్న ఆ పురుడే లేకుండా పోయింది. విమానాలూ ఆగిపోయాయి. పిల్ల కంట పడితే బెంగపడుతుందని బొంతనీ కాయాన్నీ సూట్‌కేసు అడుక్కి తోసి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. మాట ఎత్తకపోతేనే పిల్ల కోలుకుంటుందని నిర్ణయించింది కూడా ఆవిడే. మే నెలలో ఆ గోంగూర విత్తనాలు పెరట్లో చల్లింది. ఊరికే కూర్చునే మనిషి కాదు కదా.

"నేను పైకెళ్తాను," అంది ఇప్పుడు. ధీరజ్ వద్దన్నాడు, మాటల్లో తడబడితే ఉన్నది కాస్తా పోతుందన్నాడు. మంగతాయారు అప్పటికే ముందు వరసలోంచి అసలు గోంగూర కట్ట కోసి, మూతికి మాస్కు కట్టుకుంటోంది. పాత ఆకు వాడిపోయింది, కొత్తది తీసుకోమని అడుగుతుందట. కట్టకి కట్ట. ఇందులో తడబడేందుకేముంది? నరసాపురం బజారులో వాడిన కూర వెనక్కిచ్చి కొత్తది తెచ్చిన చెయ్యి అది.

మెట్లెక్కినంత ధీమాగా దిగి రాలేదు. ఎబర్లమ్మ తలుపు సగమే తీసింది. కొత్త కట్ట వైపు చూసింది, మంగతాయారు మొహం వైపు చూసింది. పాతది తెచ్చివ్వలేదు. "కాఫీ," అని, కింద పెరటి వైపు వేలు చూపించి, తలుపు వేసేసింది. సాయంత్రం కాఫీ వేళకి తనే కిందికొస్తానని దానర్థం. నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి.

"కనిపెట్టేసింది," అన్నాడు ధీరజ్.

మంగతాయారు పెరట్లోకి వెళ్లింది. విక్రాంత్ అక్కడ టమాటా మొక్కల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. నాయనా, కాల్చినా పరవాలేదు, తాగినా పరవాలేదు, నీ వయసులో మా తమ్ముడూ చుట్ట దొంగతనంగా కాల్చాడు, నాతో ఒక్కమాట చెబితే దార్లోకి తెస్తాను అని బుజ్జగించింది.

"మీ కాళ్లు మొక్కుతా అత్తమ్మా, నేను పెట్టలె," అన్నాడు.

"మరి ఎవరు పెట్టారో తెలుసా?"

కుర్రాడు టమాటా ఆకు తుంచి నలుపుతూ కూర్చున్నాడు. తెలీదని అనలేదు. అది మంగతాయారు గమనించింది గానీ, అన్నదమ్ముల మధ్య ఏదో ఉందనుకుంది. అల్లుడి మీదకి కూడా ఒకసారి అనుమానం పోయింది. పోతే పోయింది, ఎవరిదైతేనేం, ఇల్లు నిలబడాలి. లోపలికొచ్చేసరికి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"ఆ మొక్కలు నావని చెప్పండి," అంది అల్లుడితో. "మా ఊళ్లో నడుం నొప్పికి కషాయం కాస్తారు, ఇక్కడ నేరమని తెలీదు, నేనే నాటానని చెప్పండి. నాకు నెలాఖరున విమానం ఉంది. ముసలిదాన్ని, భాష రానిదాన్ని. నన్నేం చేస్తారు? తీసుకెళ్లి విమానం ఎక్కిస్తారు. టిక్కెట్టు ఎలాగూ కొనుక్కున్నాను."

ధీరజ్ భుజాలు కాస్త దిగడం మంగతాయారుకి కనిపించింది. తప్పు పట్టలేదావిడ. మునిగేవాడికి చెయ్యి అందిస్తే పట్టుకోడూ?

"వద్దు," అంది చంద్రిక.

"ఎందుకు వద్దే?"

"కేసు పెడితే నీకు మళ్లీ వీసా ఇవ్వరమ్మా. మళ్లీ రాలేవు."

మళ్లీ ఎందుకు రావాల్సి ఉంటుందో ఎవరూ పైకి అనలేదు. మంగతాయారు ఆ మాట మింగేసి, కాఫీకి పాలు పెట్టింది.

ఎబర్లమ్మ మాస్కు పెట్టుకుని, ఏప్రన్‌తోనే దిగి వచ్చింది. ఎప్పట్లాగే పెరట్లో ఆ చివరి కుర్చీలో, అందరికీ ఎడంగా కూర్చుంది. చంకలో దినపత్రికలో చుట్టిన పొట్లం ఉంది. బల్ల మీద విప్పింది. లోపల ఆకు రెండు కుప్పలుగా ఉంది. పెద్ద కుప్ప వెనక వరసలో కలిసి పెరిగిన గోంగూర. చిన్న కుప్ప గంజాయి.

చిన్న కుప్పలోంచి ఆకొకటి తీసి పట్టుకుంది. "నిఖ్ట్ సావర్," అంది.

పులుపు లేదని. ఆ మాట మంగతాయారుకి ఒకరు చెప్పక్కర్లేదు. మూతి ముడిచి నేర్పినప్పుడు బదులుగా ఎబర్లమ్మ దగ్గర తను నేర్చుకున్న మాటే అది. ఇంత బుద్ధిగా నేర్చుకునే శిష్యురాలు దొరికినందుకు తనని తనే తిట్టుకుంది.

తరవాత ఎబర్లమ్మ చాలాసేపు మాట్లాడింది, గొంతు పెంచకుండా. ధీరజ్ విని, అత్తగారికి తెలుగులో చెప్పాడు. కిటికీ కింద వాసన నెల నుంచీ వస్తోందట, ఏ బాటసారో కాలుస్తున్నాడనుకుందట. ఈ ఇల్లు ముప్ఫై ఏళ్లుగా అద్దెకిస్తున్నాను, పోలీసు గడప తొక్కలేదు అందట. నాటింది ఎవరో వాళ్ల నోటితోనే చెప్పాలట. నిజం చెబితే ఆలోచిస్తుంది. అబద్ధం చెబితే మాత్రం పైకెళ్లి ఫోన్ చేస్తుంది.

"చెప్పండి బాబూ, నావని," అంది మంగతాయారు. చెంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. అబద్ధం ఆడడం ఆవిడకి కొత్త కాదు, పిల్లల కోసమైతే అసలే కాదు.

ధీరజ్ గొంతు సవరించుకున్నాడు. ఒకసారి తమ్ముడి వైపు చూశాడు.

అతని కన్నా ముందు చంద్రిక మాట్లాడింది. జర్మన్‌లో, రెండే ముక్కలు. మంగతాయారుకి ఆ మాటలు తెలియవు. కానీ కూతురు తన చెయ్యి తన గుండె మీదే పెట్టుకుంది. దానికి తర్జుమా అక్కర్లేదు.

విక్రాంత్ పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

ధీరజ్ ఆ ఊపిరి విన్నాడు. "వీనికి ఎర్కనా?" అన్నాడు భార్యతో.

"నీళ్లు పోస్తుంటే ఒకసారి చూశాడు. ఎవరికీ చెప్పనని నేనే ఒట్టేయించుకున్నాను."

"పొద్దటి నుంచి నేను వాణ్ణి అన్ని మాటలంటుంటే..." ధీరజ్ భార్య వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలె చంద్రికా?"

చంద్రిక అతని వైపు చూసింది, కోపంగా కాదు. అడగడానికి అయిదు నెలలు పట్టిందా అన్నట్టు చూసింది. ధీరజ్ కళ్లు దించుకున్నాడు.

మంగతాయారుకి తను ముద్దు చేసిన వెనక వరస, ఆ బకెట్టు, ఆ సాయంత్రాలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఎంత సంబరపడిందో! కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఎందుకే తల్లీ?" అంది.

"నిద్ర కోసం. ఆఫీసులో ఒకమ్మాయి విత్తనాలిచ్చింది, కొంచెం కాలిస్తే నిద్ర పడుతుందని. ఇంకా ముట్టుకోలేదమ్మా, నిజం. ఎదగనీ, ఎదగనీ అనుకుంటూ నీళ్లు పోస్తూ వచ్చాను. అవి ఎదుగుతుంటే చూడ్డమే బాగుంది."

"ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు నీకు?"

చంద్రిక గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు బొంత సూట్‌కేసులో పెట్టేసిన రోజు నుంచి."

మంగతాయారు చెయ్యి అసంకల్పితంగా కొంగు ముడి మీదకి పోయింది.

"తలుపు సందులోంచి చూశాను," అంది చంద్రిక. "నువ్వు ఏడవలేదు. మడత పెట్టావు, తాళం వేశావు, చేతులు కడుక్కొచ్చి నాకు చారన్నం కలిపి పెట్టావు. అందుకని నేనూ ఏడవకూడదేమో అనుకున్నాను."

ఆ రాత్రి తను స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఎంత ఏడ్చిందో ఈ పిల్లకి ఎలా చెప్పడం? కంటపడకుండా ఏడవడమే గొప్పనుకుంది. ఇన్నాళ్లూ తన గుండె నిబ్బరం ఇంటిని నిలబెట్టిందనుకుంది. అదే పిల్ల గొంతుకి అడ్డం పడిందని ఇప్పుడు తెలిసింది.

ఎబర్లమ్మ ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చుంది. ఈ అమ్మాయి ఏమంటోందని అడిగింది. ఆ పెరట్లో జర్మన్ తెలిసినవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

మంగతాయారు కుర్చీలో ముందుకి జరిగింది. ఆర్నెల్లలో నేర్చుకున్న జర్మన్ అంతా కూడగడితే గుప్పెడు మాటలు. అందులోంచి ఏరుకుంది.

"మైన్ కిండ్," అంది కూతుర్ని చూపించి. నా బిడ్డ. "నిఖ్ట్ ష్లాఫెన్." నిద్రపోదు.

తరవాత చెప్పాల్సిన దానికి మాట తెలియలేదు. రెండు చేతులూ దగ్గరగా తెచ్చి, పసిబిడ్డని పడుకోబెట్టుకున్నట్టు పట్టి, ఒకసారి ఊపింది. ఆ తరవాత చేతులు విడదీసి, ఖాళీ అరచేతులు ఎబర్లమ్మకి చూపించింది. అయిదు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అలా మొదటిసారి బయటికొచ్చింది. చంద్రిక మొహం చేతుల్లో దాచుకుంది. ఈసారి గట్టిగానే, పెరడంతా వినేలా ఏడ్చింది. ధీరజ్ కుర్చీ లాక్కుని ఆమె పక్కకి వెళ్లాడు. ఏం చెయ్యాలో తెలీక ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఎబర్లమ్మ మాస్కు కిందికి లాగింది. తరవాత లేచి, గోంగూర కుప్పని బల్ల మీదే వదిలేసి, చిన్న కుప్పని మాత్రం పేపర్లో మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"మోర్గెన్," అంది. రేపని. రేపు ఏమిటో చెప్పలేదు.

ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ పొట్లం పారెయ్యడానికి తీసుకెళ్లిందో, ఎవరికైనా చూపించడానికి తీసుకెళ్లిందో అన్నదమ్ములిద్దరికీ అంతు పట్టలేదు. పైన తలుపు మూసుకున్న చప్పుడైంది. ఫోన్ మాట్లాడుతోందేమోనని ధీరజ్ పై కిటికీకేసి చెవి పెట్టి విన్నాడు.

మంగతాయారు వినలేదు. లేచి, కొంగు ముడి విప్పుకుంటూ తన గదిలోకి నడిచింది. కాసేపటికి బొంత దాచిన సూట్‌కేసు తాళం తిరిగిన చప్పుడు పెరట్లోకి వినిపించింది.